హైదరాబాదు కానుక – అమెరికా ఇంజను

మొదటి ప్రపంచయుద్ధకాలమున (1914–18) వర్గల్ గ్రామము నిజాం రాజ్యములోనిది. ఆ రాజ్యపు రాబడిలో భూమిశిస్తు ప్రధానము. శిస్తు కట్టు రైతుకు విమానమన్న మాటయే కొత్త. కాని ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బ్రిటిషు వాయుసేన 110వ స్క్వాడ్రనుకు తొలి విమానములను కానుకగా ఇచ్చెను. ప్రతిదానిపైన ఆ సంగతి వ్రాయించిరి.

అయితే ధనముతో ఇంజను పుట్టదు. 1917 నాటి డి.హెచ్. 9 బాంబరును చూడుడు. 300 అశ్వశక్తి నీయవలసిన దాని ఇంజను 230 మాత్రమే ఇచ్చినది. పైకి పోవుకొలది గాలి పలుచబడును; ఇంధనము మండుటకు ప్రాణవాయువు చాలదు; ఉన్న శక్తియు తగ్గును. అందుచే ఈ కొత్త విమానము పాత డి.హెచ్. 4 కంటె తీసికట్టైనది!

అప్పుడు రెక్కలు పెంచి, 400 అశ్వశక్తి గల అమెరికా లిబర్టీ ఇంజనును అమర్చిరి. ఆరేసి చొప్పున రెండు వరుసలుగా పన్నెండు సిలిండర్లు. మోటారుకార్ల కర్మాగారములే దీనిని పెద్దయెత్తున తయారుచేసినవి. ఇట్లు మారిన డి.హెచ్. 9ఎ విమానమే నిజాం కానుక. కాని బ్రిటను కోరిన మూడువేల ఇంజన్లలో వెయ్యికి కొంచెము పైగా అందగానే, 1918 జూలైలో, సరఫరా నిలిచినది.

సెప్టెంబరులో 110వ స్క్వాడ్రను ఫ్రాన్సు చేరినది. నవంబరు సంధిలోపల శత్రువువలన 17, ప్రమాదములలో 28 విమానములను పోగొట్టుకొన్నది. అక్టోబరు 5న జర్మనులకు చిక్కిన ఎఫ్ 1010 బెర్లినులో ప్రదర్శింపబడి, పిమ్మట పోలండు చేరి, 1977లో బ్రిటిషు వాయుసేన మ్యూజియమునకు తిరిగి వచ్చినది.