ఖాళీ జాగా

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కంప్యూటరు కట్టి చూడు అని మూడోది చేర్చే అవకాశం వాళ్ళకు రాలేదు గానీ, వచ్చివుంటే తప్పకుండా చేర్చివుండేవారు. ఏది ఉండి తీరాలి, ఏది లేకపోయినా సరిపెట్టుకోవచ్చు, ఏది ఇప్పటికి ఆపి తర్వాత చేయించుకోవచ్చు? మేస్త్రీతోనూ వియ్యాలవారితోనూ మనం తెల్లవార్లూ తేల్చుకునే ఈ మూడు ప్రశ్నలే ఇక్కడా ఉన్నాయి. అందులోనూ ఆ మూడో ప్రశ్న ఉంది చూడండి, చవక కంప్యూటర్ల చరిత్రంతా దాని చుట్టూనే తిరిగింది.

కంగారుపడి పేజీ తిప్పేయకండి. నేనూ బి.ఏ. చదువుకున్నదాన్నే. ఇది యంత్రాల పాఠం కాదు, పొదుపు కథ.

1975 జనవరిలో అమెరికాలో ‘పాపులర్ ఎలక్ట్రానిక్స్’ అనే పత్రిక అట్టమీద ఒక పెట్టె బొమ్మ వేశారు. దాని పేరు ఆల్టెయిర్ 8800. న్యూ మెక్సికో రాష్ట్రంలో ఆల్బుకర్కీ అనే ఊళ్ళో ఎడ్ రాబర్ట్స్ అనే ఆయన తయారుచేశాడు. అంతకుముందు ఆయన కాల్‌క్యులేటర్లు అమ్ముకునేవాడు. పెద్ద కంపెనీలు ధరలు విరగ్గొట్టేసరికి పీకలదాకా అప్పుల్లో కూరుకుపోయాడు. ఆఖరి ప్రయత్నంగా ఇంటెల్ కంపెనీవారి 8080 చిప్పు టోకున కొంటానని బేరమాడాడు. చిల్లరగా ఒక్కటి కొంటే 360 డాలర్లు, ఆయనకు 75కే ఇచ్చారు. దాంతో మొత్తం కంప్యూటరు విడిభాగాల మూట 397 డాలర్లని ప్రకటించాడు. అంటే ఒక్క చిప్పు కొనే డబ్బుకు ఇంకాస్త కలిపితే కంప్యూటరే వచ్చేస్తుందన్నమాట!

వచ్చేది ఏమిటయ్యా అంటే, ఒక రేకు పెట్టె, బోర్డులు, ముందువైపు వరుసగా స్విచ్చులు, చిన్న చిన్న దీపాలు. ఎవరికి వాళ్ళే కూర్చుని టాంకం పెట్టుకోవాలి. తెర లేదు, కీబోర్డు లేదు. జ్ఞాపకశక్తి 256 బైట్లు. ఇవాళ్టి పద్ధతిలో తెలుగక్షరాలు అందులో వంద కూడా పట్టవు. అయినా వేలమంది డబ్బు పంపి, నెలల తరబడి పోస్టుమాన్ కోసం వీధి వైపు చూస్తూ కూర్చున్నారు.

ఇన్ని లేకుండా అమ్మిన పెట్టెని జనం ఎందుకు ఎగబడి కొన్నారంటే, రాబర్ట్స్ ఒక్కదాన్ని మాత్రం వదలకుండా పెట్టాడు. లోపల కొత్త బోర్డులు గుచ్చుకునేందుకు ఖాళీ స్లాట్లు, గాళ్ళు అనుకోండి, ఉంచాడు. ఒక్కో స్లాటుకి నూరు పిన్నులు. తర్వాత తర్వాత చాలా కంపెనీలు అదే కొలతని పట్టుకుని ‘ఎస్-100’ అని పేరు పెట్టుకున్నాయి. ఇవాళ ఉన్నది ఇంతే, రేపు డబ్బు చేతికొస్తే ఇంకో బోర్డు గుచ్చుకో. ఒక గది వేసి, రెండో గదికి పునాది వేసి ఉంచే మధ్యతరగతి తెలివే కదూ ఇది!

ఆ ఖాళీలోకి ఎవరు వచ్చారో తెలుసా? ఇద్దరు గృహిణులు. లాస్ ఏంజిలెస్ దగ్గర వెస్ట్‌లేక్ విలేజ్‌లో లోర్ హార్ప్, కెరొల్ ఈలీ అని ఇరుగుపొరుగు స్నేహితురాళ్ళు ఉండేవారు. పిల్లలు బడికి వెళ్ళాక ఇంట్లో తోచదు, ఏదైనా వ్యాపారం పెడదామనుకున్నారు. ఆల్టెయిర్‌తోపాటు మిట్స్ కంపెనీ విడిగా అమ్మిన మెమరీ బోర్డు సరిగ్గా పనిచేయడంలేదని అప్పట్లో గోలగోలగా ఉంది. లోర్ భర్త బాబ్ హార్ప్ సరదాకి అంతకంటే మంచి బోర్డు ఒకటి గీసి పెట్టాడు. మనం దీన్నే అమ్మితే ఏం అన్నారు వీళ్ళిద్దరూ. 1976లో, కొద్దిపాటి పెట్టుబడితో, లోర్ ఇంట్లోనే ‘వెక్టర్ గ్రాఫిక్’ కంపెనీ మొదలైంది. మెమరీ బోర్డు విడిభాగాలు లెక్కపెట్టి సంచుల్లో వేసి పంపడమే తొలి పని. వడియాలో అప్పడాలో పొట్లాలు కట్టినట్టు! తర్వాత సొంతంగా కంప్యూటర్లే చేశారు. 1981కల్లా వాళ్ళ కంపెనీ వాటాలు స్టాకు మార్కెట్‌కు ఎక్కాయి. 1980ల మధ్యకు చితికిపోయింది, దానికి కారణం కాసేపట్లో చెబుతాను. కంప్యూటరు చరిత్ర అనగానే గడ్డాల కుర్రాళ్ళ బొమ్మలే వేస్తారు గానీ, ఈ ఇద్దరి బొమ్మ ఎందుకు వెయ్యరో!

గడ్డాల కుర్రాళ్ళ సంగతికి వస్తే, 1975 మార్చి 5న కాలిఫోర్నియాలో మెన్లో పార్క్ అనే ఊళ్ళో గోర్డన్ ఫ్రెంచ్ అనే ఆయన కారుషెడ్డులో ‘హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్’ మొదటి సమావేశం జరిగింది. స్టీవ్ వోజ్నియాక్ కూడా వచ్చాడు. ఆయనకు ఆల్టెయిర్ కొనే స్తోమతు లేదు. ఏ చిప్పు చవకో వెతుక్కుంటున్నాడు. ఆ ఏడాది సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో మాస్ టెక్నాలజీ అనే కంపెనీ 6502 చిప్పును పాతిక డాలర్లకు పెట్టింది. ప్రదర్శన మందిరంలో అమ్మకాలు కుదరవంటే హోటల్ గదిలో పెద్ద గాజు జాడీల నిండా చిప్పులు పోసి అమ్మారు. అమ్మింది చిప్పు రూపొందించిన చక్ పెడిల్ గారి భార్య. పైనున్నవే పనికొచ్చేవట, అడుగున ఉన్నవి కొనేవాళ్ళకు నిండుగా కనబడడానికట. మామిడిపళ్ళ బుట్టల్లో మనం చూడని విద్యా ఇది!

ఆ చిప్పుతోనే 1976లో యాపిల్-1 పుట్టింది. ధర 666 డాలర్ల 66 సెంట్లు. బోర్డు మాత్రం ఇస్తారు. పెట్టె, కీబోర్డు, కరెంటు సరఫరా ఎవరికి వాళ్ళే తెచ్చుకోవాలి. తెరకు ఇంట్లో టీవీ ఉంటే చాలు. స్టీవ్ జాబ్స్ తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని చిప్పులు గుచ్చిపెట్టినందుకు జాబ్స్ చెల్లెలు ప్యాటీకి ముట్టింది బోర్డుకి ఒక డాలరు. అప్పుడామె గర్భిణి. టీవీ చూసుకుంటూ గుచ్చేదట. రచయితగా నన్ను ఆపేసింది ఇంకో సంగతి. ఖర్చు తగ్గించడానికి ఆ యంత్రంలో ఇంగ్లీషు చిన్న అక్షరాలు కూడా పెట్టలేదు, అన్నీ పెద్దబడి అక్షరాలే. ఇంగ్లీషువాళ్ళకే సగం అక్షరాలు లేని చోట మన గుణింతాలకూ ఒత్తులకూ చోటెక్కడిది?

మరుసటి ఏడాది యాపిల్-2 దగ్గర ఇద్దరు స్టీవులూ దెబ్బలాడుకున్నారు. రెండు స్లాట్లు చాలు, ఒకటి ప్రింటరుకు, ఒకటి ఫోను తీగకు అన్నాడు జాబ్స్. ఎనిమిది ఉండాల్సిందే, లేకపోతే నువ్వే ఇంకో యంత్రం చూసుకో అన్నాడు వోజ్నియాక్. వోజ్నియాక్ మాటే నెగ్గింది. జాబ్స్ ఆ మాట మరిచిపోలేదు లెండి. 1984లో ఆయన ఆధ్వర్యంలో వచ్చిన మాకింటాష్‌లో ఒక్క స్లాటూ లేదు.

ఇంగ్లండులో క్లైవ్ సింక్లెయిర్ పొదుపు మరీ ముదురు. 1980లో జడ్‌ఎక్స్-80 తెచ్చాడు. విడిభాగాలుగా 79.95 పౌన్లు, బిగించినది 99.95. తెరను నడిపే విడి చిప్పు దండగని, ఉన్న చిప్పుతోనే ఆ పనీ చేయించాడు. ఒక మనిషి రెండు పనులు చేస్తే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. అక్షరం నొక్కినప్పుడల్లా తెర ఒక్క క్షణం మాయమయ్యేది! మరుసటి ఏడాది జడ్‌ఎక్స్-81లో ఆ ఇబ్బంది తీర్చి, ఇరవై పైచిలుకు చిప్పుల్ని నాలుగుకు కుదించి, 49.95 పౌన్లకే విడిభాగాలు ఇచ్చాడు. తెరకు టీవీ, పాటల టేపురికార్డరే గిడ్డంగి. ఇంట్లో ఎలాగూ ఉన్నవాటిని కొనిపించకపోవడం నిజమైన పొదుపు. పదిహేను లక్షలకు పైగా అమ్ముడుపోయాయంటే ఆశ్చర్యం లేదు. కానీ కీబోర్డు బదులు చదునైన ప్లాస్టిక్ పొర వేయడం మాత్రం పీనాసితనం. దానిమీద నవల రాయమంటే నేను వంటింట్లోకే వెళ్ళిపోతాను. మెమరీ పెంచుకోవాలంటే వెనకవైపు ఒక డబ్బా తగిలించాలి. అది కాస్త కదిలిందా, రాసిందంతా గోవిందా. గోడకు కాగితాలంటించే మెత్తటి జిగురుముద్ద పెట్టి నిలబెట్టుకునేవారట పాపం.

ఇక వెక్టర్ గ్రాఫిక్‌ను చితక్కొట్టిన యంత్రం. 1981 ఆగస్టులో ఐబీఎం తన పీసీ విడుదల చేసింది, ధర 1,565 డాలర్ల నుంచి. తొందరగా తేవాలని అంతటి కంపెనీ కూడా బయటివాళ్ళ భాగాలే కొని బిగించింది. లోపలి పటాలన్నీ పుస్తకంగా వేసి అమ్మింది, అయిదు స్లాట్లు ఉంచింది. ఏడాది తిరిగేసరికి అచ్చం అలాంటివే ఇతరులు చేయడం మొదలుపెట్టారు. భాగాలు ఎవరు చేసినా ఒకదానికొకటి అమరేలా తయారయ్యాయి. ఇవాళ మనం విడిగా కొని బిగించుకోగలుగుతున్నామంటే ఆ పుణ్యమే.

మన తెలుగు అడుగుపెట్టింది కూడా ఈ స్లాటులోంచే. కాన్పూరు ఐఐటీలో 1980లలో మొదలై, పుణెలో 1988లో ఏర్పడ్డ సీ-డాక్ సంస్థలో పెరిగిన ‘జిస్ట్’ అనే పరిశోధన ఒకటుంది. దాని ఫలం ఒక కార్డు. పీసీలో ఖాళీ స్లాటులో అది గుచ్చితే, అప్పటిదాకా ఇంగ్లీషు తప్ప ఎరుగని తెరమీద భారతీయ లిపులు పలికాయి. ఆ ఖాళీ ఉంచినవాళ్ళకు తెలుగనే భాష ఉందని తెలిసి ఉంచారా? లేదు. వచ్చేవాళ్ళెవరో తెలియకుండానే ఉంచారు.

మనవైపు ‘అసెంబుల్డు’ అనే మాట 1990లలో బాగా వినబడింది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చినాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళి మదర్‌బోర్డు ఒక షాపులో, ర్యామ్ ఇంకో షాపులో, క్యాబినెట్టు మరోచోట బేరమాడి తెచ్చుకున్న ఇళ్ళెన్నో. ఈ బేరాల్లో పొదుపు ఎక్కడ నప్పుతుందో ఎక్కడ నప్పదో చెప్పడానికి ఒక ఉదాహరణ ఉంది. 1998 ఏప్రిల్‌లో ఇంటెల్ సెలెరాన్ అనే చవక ప్రాసెసర్ తెచ్చింది. చవక కోసం అందులో రెండో మెట్టు ‘క్యాష్’ తీసేసింది. క్యాష్ అంటే డబ్బు కాదండీ, పొయ్యి పక్కనుండే పోపులపెట్టె లాంటిది. ర్యామ్ అంటే వంటింటి అలమర. డిస్కు అంటే సామాన్ల గది. పోపులపెట్టె తీసేస్తే చిటికెడు ఆవాలకు కూడా అలమర దాకా లేవాలి. వంట నత్తనడక నడిచింది, కొన్నవాళ్ళు తిట్టుకున్నారు. ఆ ఆగస్టుకే చిన్న పోపులపెట్టె ఒకటి చేర్చి కొత్తరకం విడుదల చేశారు. అది పెద్ద ప్రాసెసర్లకే పోటీ వచ్చింది!

ధరల సంగతా, ఉల్లిపాయలే నయం. 1993 జులైలో జపాన్‌లో నీహామా అనే ఊళ్ళో చిప్పుల పైపూతకు వాడే జిగురు చేసే కర్మాగారం పేలితే ప్రపంచమంతా మెమరీ ధరలు ఎగిరాయి. 2011లో థాయ్‌లాండ్‌లో వరదలొస్తే హార్డ్‌డిస్కులు మండిపోయాయి.

ఇన్ని సంగతులు నేనెందుకు తవ్వానంటే, ఈమధ్య నాకూ ఒక కంప్యూటరు కట్టుకోవాల్సి వచ్చింది. ఇంట్లో ఉన్న లాప్‌టాప్ పగలు మావారిది, సాయంత్రం పిల్లలది, రాత్రి పదకొండు దాటాక నాది. మీ నాయికలంతా నిద్రమత్తులో మాట్లాడతారేమండీ అని ఒక పాఠకురాలు రాశారు కూడా. సీరియల్ డబ్బు చేతికి రాగానే, ఇది నా ఒక్కదానిదే అయివుండాలని నిశ్చయించుకున్నాను. ఫ్రిజ్జుకీ కిటికీకీ మధ్య మూరెడు జాగా ఉంది, అందులో పట్టాలి.

మా మేనల్లుడు చీటీ రాసుకొచ్చాడు. ఇంత జాగాలో పట్టాలంటే మినీ ఐటీఎక్స్ బోర్డే అన్నాడు. 2001లో తైవాన్ కంపెనీ వియా తెచ్చిన కొలత అది, 17 సెంటీమీటర్ల చదరం, పెద్ద పూరీ అంత. అద్దాల తలుపూ, పెళ్ళిపందిట్లోలా రంగుదీపాలూ ఉన్న క్యాబినెట్టు కొట్టేశాను. గ్రాఫిక్స్ కార్డు కొట్టేశాను, ఈ ప్రాసెసర్ బొమ్మలు తనే వేసుకుంటుంది.

“ఎస్‌ఎంపీఎస్ మటుకు కొట్టెయ్యకత్తా. అది నాసిదైతే మిగతావన్నీ కాల్చేస్తుంది” అన్నాడు.

అది ఉంచాను. కీబోర్డు మాత్రం వాడు రాసినదానికి రెట్టింపు ధరది పెట్టించాను. సింక్లెయిర్ గారి పొర నాకు గుర్తుంది మరి.

“ఇంతకంటే చిన్న డబ్బా, బిగించి ఉన్నదే దొరుకుతుంది. ధర కూడా తక్కువే” అన్నాడు.

“అందులో మెమరీ తర్వాత పెంచుకోవచ్చా?”

“దానికి కుదరదత్తా. బోర్డుకే అతికించేశారు.”

“అయితే వద్దు.”

చివరికి ఒకే ఒక్క ర్యామ్ తీసుకున్నాం. రెండూ కలిపి కొంటే వేగం పెరుగుతుందని వాడు సణిగాడు. పెరిగితే పెరగనీ, నేను రాసే వేగం నాకు తెలుసు. రెండో స్లాటు ఖాళీగా ఉంది. వచ్చే సీరియల్ డబ్బులొచ్చాక చూస్తాను. గ్రాఫిక్స్ కార్డు స్లాటు కూడా ఖాళీగానే ఉంది. మా అబ్బాయి దాని చుట్టూ రోజూ తిరుగుతున్నాడు, ఆటలకు బాగుంటుందట. మూత బిగించే మరలు నాలుగూ నా పోపులపెట్టెలో దాచాను.