హెరిటేజ్ జాబితాలో ఉన్న పాత ఇల్లు: మరమ్మతుకు అనుమతి ఎలా?

వానాకాలం దగ్గర పడుతోందంటే హైదరాబాద్ పాతబస్తీలోని పాత దేవిడీల్లో ఉండే కుటుంబాలకు గుబులు మొదలవుతుంది. మిద్దె కారుతుంది, దూలాలకు చెద పడుతుంది, గోడల పెచ్చులు ఊడతాయి. బాగు చేయిద్దామంటే ‘హెరిటేజ్ ఇల్లు, చెయ్యి పెడితే కేసే’ అని ఒకరు భయపెడతారు. ‘ఎవరికీ చెప్పకుండా రాత్రికి రాత్రి కానిచ్చెయ్’ అని ఇంకొకరు ధైర్యం చెబుతారు. రెండు సలహాలూ తప్పే. జాబితాలో ఉన్న ఇంటికి మరమ్మతు చేయించుకోవడం నేరం కాదు. అనుమతి లేకుండా పని మొదలుపెట్టడం, మరమ్మతు పేరుతో కూల్చి కొత్తది కట్టడం, చిక్కులన్నీ వీటితోనే.

ముందు తేల్చుకోవాల్సింది: ఏ చట్టం కింద?

‘హెరిటేజ్’ మాట ఒకటే అయినా చట్టాలు వేరు, ఆఫీసులు వేరు.

మొదటిది కేంద్ర చట్టం. చార్మినార్, గోల్కొండ కోట వంటివి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం ఇలాంటి కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆ తర్వాత మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఆ పరిధిలో ఉంటే చాలు, ఇల్లు చారిత్రకమైనది కాకపోయినా ఈ నిబంధన వర్తిస్తుంది.

రెండోది రాష్ట్రానిది. 1981 నాటి హుడా జోనింగ్ నిబంధనల్లో 1995లో 13వ నిబంధన చేరింది. నగరంలోని పాత భవనాలు, దేవిడీలు జాబితాకెక్కింది దాని కిందే. 2015 డిసెంబరులో ప్రభుత్వం ఆ నిబంధనను తొలగించింది. 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది. ‘రూలు పోయింది కదా, ఇక మా ఇష్టం’ అనుకుంటే పొరపాటు. 1870 నాటి ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను కూల్చి అసెంబ్లీ భవనం కట్టాలన్న మంత్రివర్గ నిర్ణయాన్నే 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. సర్కారుకే కుదరనిది మామూలు యజమానికి కుదురుతుందా?

ఇల్లు ఏ జాబితాలో ఉందో జీహెచ్ఎంసీ టౌన్ ప్లానింగ్ విభాగంలోనూ, రాష్ట్ర హెరిటేజ్ శాఖలోనూ అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి. నోటిమాట పనికిరాదు. అవసరమైతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఏ పని చేయొచ్చు?

నిషేధిత ప్రాంతంలో కొత్త కట్టడానికి అనుమతి ఉండదు. కానీ 1992 జూన్ 16కు ముందు నుంచీ ఉన్న ఇంటికి మరమ్మతు కోసం దరఖాస్తు చేసుకునే హక్కు యజమానికి ఉంది. అందుకే ఆ తేదీకి ముందటి ఇంటి పన్ను రశీదు, కరెంటు బిల్లు, రిజిస్ట్రీ కాగితం బంగారంలా దాచుకోవాలి. నియంత్రిత ప్రాంతంలో మరమ్మతుకైనా, కొత్త నిర్మాణానికైనా ముందస్తు అనుమతి తప్పనిసరి.

జాబితాలోని భవనాలకు గ్రేడ్లు కూడా ఉంటాయి. 2016 నాటి కేంద్ర నమూనా బిల్డింగ్ బైలాస్ ప్రకారం గ్రేడ్ 1 భవనంలో దాన్ని బలపరిచే పనులు తప్ప లోపలా బయటా మార్పులు కూడదు. గ్రేడ్ 2లో లోపలి మార్పులకు చాలావరకు వీలుంటుంది, బయటి రూపాన్ని ముట్టుకుంటే మాత్రం పరిశీలన తప్పదు. గ్రేడ్ 3లో లోపలా బయటా మార్పులకు సాధారణంగా అనుమతిస్తారు. బాత్‌రూమ్ మార్చుకోవడం వేరు, వీధి వైపు కమాను తీసేసి షట్టర్ పెట్టడం వేరు.

కాగితాల్లోనే అసలు చిక్కు

చాలా ఇళ్లలో పని ఆగేది ఆఫీసులో కాదు, ఇంట్లోనే. తాత పేరు మీదే ఇల్లు ఉండిపోతుంది. ఆయన వారసులు ఇప్పుడు ఇరవై మంది, అందులో సగం గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉంటారు. అందుకే విరాసత్ వాటాలు ముందే తేల్చుకోవాలి. అక్కాచెల్లెళ్ల వాటా, సంతకం మరిచిపోకూడదు. విదేశాల్లో ఉన్నవారు అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపవచ్చు. ఇల్లు వక్ఫ్ ఆస్తి అయితే ముతవల్లీ ద్వారా వక్ఫ్ బోర్డును సంప్రదించాలి.

దరఖాస్తుకు యాజమాన్య పత్రాలు, అన్ని వైపుల నుంచి తీసిన ఫొటోలు, ఇప్పుడున్న ప్లాను, చేయబోయే పనుల ప్లాను సిద్ధం చేసుకోవాలి. పాత కట్టడాల మీద అనుభవమున్న కన్జర్వేషన్ ఆర్కిటెక్ట్‌తో గీయిస్తే కొర్రీలు తగ్గుతాయి.

సిమెంటు వద్దు, సున్నం ముద్దు

ఏ సామగ్రి వాడతారో కూడా రాసివ్వడం మంచిది. పాత గోడలు సున్నంతో కట్టినవి. అవి తేమను పీల్చుకుని మళ్లీ బయటికి వదులుతాయి. పైన సిమెంటు పూస్తే ఆ తేమ లోపలే చిక్కుకుని ఇటుకను తినేస్తుంది, నాలుగైదు వానలకే పూత పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది. కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపిన గానుగ సున్నానికి ఖర్చు ఎక్కువే, పని తెలిసిన మేస్త్రీలూ తక్కువే. అయినా ఇంటికి ఆయుష్షు పోసేది అదే.

గడువు, శిక్ష

కేంద్ర చట్టం కింద దరఖాస్తును సంబంధిత అధికారి 15 రోజుల్లో జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థకు పంపాలి. అది 2 నెలల్లో సిఫారసు చెప్పాలి, ఆ తర్వాత నెలలో అధికారి నిర్ణయం ప్రకటించాలి. అంటే కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా మూడున్నర నెలలు పట్టవచ్చు. జూన్ వానలకు ముందే మిద్దె బాగుపడాలంటే డిసెంబరు, జనవరిలోనే దరఖాస్తు పెట్టాలి. అనుమతి లేకుండా కడితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

శిథిల భవనమంటూ జీహెచ్ఎంసీ నోటీసు ఇస్తే కంగారుపడి కూల్చేయొద్దు. ఇల్లు హెరిటేజ్ జాబితాలో ఉందని వెంటనే రాతపూర్వకంగా తెలిపి, స్ట్రక్చరల్ ఇంజనీర్ నివేదిక జతచేసి, మరమ్మతుకు గడువు కోరాలి. అంతవరకు దూలాల కింద ఊతాలు పెట్టి, మిద్దె మీద టార్పాలిన్ కప్పాలి. ప్రమాదంగా ఉన్న గదిలోంచి మాత్రం మనుషులను అదే రోజు ఖాళీ చేయించాలి. ఇల్లు ఎంత పాతదైనా, ఎంత గొప్పదైనా అందులోని ప్రాణాల తర్వాతే.