మాట కలిపే నేల

మూడు భాషలు పక్కపక్కన బతికే హోసూరు, కృష్ణగిరి పల్లెల్లో పలకరింపుకు పెద్ద చరిత్రే ఉంది

2024 జూన్‌లో లోక్‌సభ కొత్త సభ్యుల ప్రమాణ స్వీకారం జరుగుతోంది. తమిళనాడులోని కృష్ణగిరి నుంచి గెలిచిన కె.గోపీనాథ్ రాజ్యాంగ ప్రతి చేతపట్టుకుని తెలుగులో ప్రమాణం చేశారు. ముగించేటప్పుడు మాత్రం తమిళంలో ‘నండ్రి, వణక్కం’ చెప్పి, ‘జై తమిళనాడు’ అన్నారు. టీవీలో చూసిన తెలుగు రాష్ట్రాల వాళ్లు ఆశ్చర్యపోయారు. హోసూరు వాళ్లకు అందులో వింతేమీ కనిపించి ఉండదు. తన భాషలో తాను మాట్లాడటం, ఎదుటివాళ్ల భాషకు దండం పెట్టడం అక్కడి వీధుల్లో రోజూ జరిగేదే.

పేర్లు మారినా మనుషులు వాళ్లే

నేటి కృష్ణగిరి జిల్లా 2004 ఫిబ్రవరిలో ధర్మపురి నుంచి విడివడింది. ధర్మపురి 1965లో సేలం నుంచి వచ్చింది. ఉత్తరాన కుప్పం, పడమటి వైపు ఆనేకల్, బెంగళూరు. మధ్యలో బాగలూరు, బేరికె, శూలగిరి, వేపనపల్లి, కెలమంగళం, డెంకణికోట, తళి. ఈ ఊళ్లలో ఒక ఇంట్లో తెలుగు, గోడ అవతల కన్నడం, అంగట్లో తమిళం. కోలారు, కుప్పం దాకా సాగే ఈ ఎత్తు నేలను పాత తరం వాళ్లు మొరసునాడు అంటారు. రాగులు, మామిడి, చింత ఇక్కడి పంటలు.

విజయనగర రాజుల కాలంలో ఈ సీమను జగదేవరాయలు ఏలాడు. తర్వాత మైసూరు ఒడయార్లు, హైదర్, టిప్పు వచ్చారు. పాలకుడు మారినప్పుడల్లా కచేరీ భాష మారింది. రైతు మాత్రం ఇంటి భాష వదల్లేదు, పక్కింటి భాషా నేర్చుకున్నాడు. బావి ఒకటే, చెరువు ఒకటే, సంత ఒకటే అయినప్పుడు మాట కలపకపోతే పని జరగదు. ఇక్కడి మర్యాద పుట్టింది ఆ అవసరంలోంచే.

దొరలు నేర్చుకున్న పాఠం

1792లో శ్రీరంగపట్నం సంధితో టిప్పు సుల్తాను కృష్ణగిరి ఉన్న బారామహల్ సీమను ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు. శిస్తు ఎవరు వసూలు చేయాలన్నది కంపెనీకి పెద్ద చిక్కుగా మారింది. మద్రాసు సివిల్ ఉద్యోగులకు ఇక్కడి భాషలు రావు, జనం తీరూ తెలియదు. అందుకే గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ వాళ్లను పక్కన పెట్టి, సైనికాధికారి అలెగ్జాండర్ రీడ్‌ను పంపాడు. ఆయన ముగ్గురు సహాయకుల్లో థామస్ మన్రో ఒకడు.

మన్రో 1799 దాకా ఏడేళ్లు బారామహల్‌లో తిరిగాడు. డేరాలు వేసుకుని ఊరూరా మకాం పెట్టాడు. ఏ చేను ఎవరిది, ఏ నేల ఎంత పండుతుంది, ఎంత శిస్తు మోయగలదు అన్నవి మధ్యవర్తుల నోట కాక రైతుల నోటనే తెలుసుకోవాలన్నది ఆ పద్ధతి సారం. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో ఎక్కువ భాగానికి పాకిన రైతువారీ విధానం ఇక్కడే రూపు దిద్దుకుంది. శిస్తు భారం తక్కువేమీ కాదు, కంపెనీ ధర్మానికి వచ్చిందీ కాదు. కానీ ఈ జనంతో పని పడితే ముందు వాళ్ల భాషలో పలకరించాలని రాజ్యానికే తెలిసివచ్చిన చోటు ఇది. మన్రోను మన రాయలసీమ ఇప్పటికీ తలుచుకునేది జనం భాషలో పలకరించే ఈ అలవాటుకే, అది ఆయన బారామహల్ నుంచి వెంట తెచ్చుకున్నదే.

కట్ట మీద కూర్చుంటే

రావిచెట్టు, వేపచెట్టు జంటగా పెరిగిన చోట చుట్టూ రాతికట్ట, చెట్ల మొదట్లో నాగప్రతిమలు. మొరసునాడు పల్లెల్లో ఊరి మాటలన్నీ అక్కడే. పొద్దు వాలాక అక్కడికొచ్చిన మనిషిని పేరుతో పిలవరు. అన్న, మామ, బావ, తాత, అవ్వ, అక్క అని వరస కలుపుతారు. ‘ఏమ్నా, బాగుండావా? సంగటి తింటివా?’ అన్నాకే మిగతా మాట. అప్పు అడగటానికి వచ్చినవాడైనా, గట్టు తగాదా తీర్చుకోవటానికి వచ్చినవాడైనా ముందు తిండి సంగతి, పిల్లల సంగతి, వాన సంగతి మాట్లాడాలి. నేరుగా పనిలోకి దిగితే ‘ఏమి అంత తొందర’ అని పెద్దవాళ్లు మందలిస్తారు.

ఇది కాలయాపన కాదు. తగాదా పడేముందు ఇద్దరూ ఒకే ఊరి మనుషులమని ఒకరికొకరు గుర్తుచేసుకోవటం. ఆ నాలుగు మాటలూ అయ్యాక గొంతు పెంచటం కష్టమవుతుంది. వెళ్లేటప్పుడు ‘పోతాను’ అనరు, ‘పోయొస్తా’ అంటారు. పక్కనున్న తమిళుడూ, కన్నడిగుడూ వాళ్ల భాషల్లో ఇదే తీరుగా సెలవు తీసుకుంటారు. రోజూ కలుసుకునే వాళ్లకు తెగతెంపుల మాట నోటికి రాదు.

మరో కట్టుబాటు ఇంకా లోతైనది. ముగ్గురు కూర్చున్నప్పుడు ఒకరికి తెలుగు రాదంటే మిగిలిన ఇద్దరూ ఆయనకు తెలిసిన భాషలోకి మారిపోతారు. ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒకరికి అర్థం కాని మాట ఆయన ముందు ఆడటం చాటున గుసగుసలాడినంత తప్పు. ఎదుటివాడి పరువు కాచే ఈ మర్యాదకు పశువుల సంతలో ఇంకో రూపం ఉంది. బేరగాళ్లు తుండుగుడ్డ కింద చేతులు కలిపి వేళ్లతోనే ధర చెప్పుకుంటారు. నలుగురిలో తక్కువ ధర పలికి అమ్మేవాడి పరువు తీయకుండా కాపాడేది ఆ గుడ్డే.

కట్ట ఎక్కనివ్వనిది ఎవరిని?

ఈ మర్యాదను పొగిడేటప్పుడు దాని హద్దులూ చెప్పాలి. ఆ కట్ట ఊరందరిదీ కాదు. దళితులు దూరంగా నిలబడి మాట వినాల్సిన రోజులు చాలాకాలం సాగాయి. వరసలు కలిపిన నోరే వాళ్ల దగ్గరికి వచ్చేసరికి వయసు చూడకుండా ఏకవచనానికి దిగింది. ఆడవాళ్లకూ కట్ట మీద చోటు లేదు. వాళ్ల మాటామంతీ బావి దగ్గర, కలుపు చేలల్లో, చింతపండు కొట్టే వసారాల్లో నడిచింది. కులాన్ని చూసి ఇచ్చేదాన్ని మర్యాద అనలేం. ఈ నేల మంచితనం నిజంగా నిలబడాలంటే కట్ట మీద చోటు అందరికీ ఉండాలి.

గీతలు గీసినప్పుడు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. హోసూరు మద్రాసులోనే ఉండిపోయింది. 1960లో పటాస్కర్ సరిహద్దు తీర్పుతో తిరుత్తణి మద్రాసుకు వెళ్లి, కొన్ని ఊళ్లు ఆంధ్రకు వచ్చినప్పుడూ హోసూరు ఉన్నచోటనే ఉంది. సరిహద్దు ఊళ్లు చాలాచోట్ల భాష పేరుతో రాళ్లు విసురుకున్న కాలం అది. ఇక్కడ మాత్రం ఇరుగుపొరుగు మాటలు ఆగలేదు.

1970లలో సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చింది. 1980లో టీవీఎస్ మోపెడ్, ఆ దశకంలోనే అశోక్ లేలాండ్ లారీలు, టైటాన్ గడియారాలు ఇక్కడ తయారవటం మొదలైంది. దేశం నలుమూలల నుంచి కూలీలు, ఇంజినీర్లు వచ్చారు. పాత తాలూకా ఊరు 2019లో నగరపాలక సంస్థ అయింది. కొత్తవాళ్లకు ఊరు తెలియదు, ఊరికి వాళ్ల భాష తెలియదు. మూడు భాషలకు అలవాటుపడిన నోళ్లు హిందీనీ కలుపుకున్నాయి.

బడి మెట్ల దగ్గర

గట్టి దెబ్బ తగిలింది బడిలో. 2006లో తమిళనాడు తమిళాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. 2006-07లో ఒకటో తరగతితో మొదలై ఏడాదికో తరగతి చొప్పున పైకి పాకింది. ఉంటున్న రాష్ట్రం భాష నేర్వటం న్యాయమే, హోసూరు తెలుగువాళ్లు దాన్ని ఏనాడూ కాదనలేదు. తమ భాషలో చదివే, పరీక్ష రాసే హక్కు పోతుందనే వాళ్ల బాధ. అందుకే పిల్లలు పదో తరగతికి వచ్చేసరికి కోర్టు మెట్లు ఎక్కి మినహాయింపులు తెచ్చుకోవాల్సి వచ్చింది. హోసూరు ఎమ్మెల్యేగా ఉన్నప్పుడు గోపీనాథ్ ఈ బాధను తమిళనాడు శాసనసభలో తెలుగులోనే చెప్పారు. ముఖ్యమంత్రి జయలలిత ఆయనకు తెలుగులోనే బదులిచ్చారు. చట్టం అలాగే ఉన్నా, అడిగినవాళ్ల భాషలో బదులివ్వటం మర్యాదే.

ఇదే కాలంలో ఈ సీమ కథకులు కలం పట్టారు. రచయిత స.వెం.రమేశ్ లాంటివారి ప్రోత్సాహంతో ‘మొరసునాడు కథలు’ వంటి సంకలనాలు వెలువడ్డాయి. కట్ట మీద మాట, కలుపు చేలో మాట ఉన్నదున్నట్టు అచ్చులోకి వచ్చింది. తమ యాసను దిద్దుకోకుండా రాయటం వాళ్లకు ఆత్మగౌరవం.

ఎదుటివాళ్ల భాషలోకి మారటం మర్యాద అనిపించుకోవాలంటే, మారకముందు మనకంటూ ఒక భాష ఉండాలి. ఇంటి భాష చదవటం రాని పిల్లవాడు తమిళంలో మాట్లాడితే అది ఔదార్యం కాదు, గత్యంతరం లేకపోవటం. తెలుగు బడికి ఉపాధ్యాయుడు, చేతికి తెలుగు పుస్తకం అందితేనే ఈ నేల పాత మంచితనం వచ్చే తరానికి చేరుతుంది. తెలుగు రాష్ట్రాల్లో ఉన్న మనం చేయవలసిన పనీ ఒకటుంది. బెంగళూరు దారిలో హోసూరులో ఆగి, టీకొట్టు దగ్గర ఎవరో పలకరిస్తే ‘మీ తెలుగు అరవంలా ఉందే’ అని నవ్వుతాం. రెండు రాష్ట్రాల సరిహద్దు గీతలకు అవతల నిలబడి ఇన్నేళ్లు తెలుగును కాపాడిన మనిషిని నొప్పించే మాట అది. ఆ మాట మానేసి వరస కలపాలి. తిన్నారా అని అడగాలి. వాళ్ల కథల పుస్తకం ఒకటి కొని చదవాలి.