జెంతాకము నుండి సౌనా వరకు: సముద్రతీర గృహమున స్వేదస్నానము

స్నానమనగా నీటితోనే చేయవలెనని మనము తలచుచుందుము. కాని నీటికంటె ముందు నిప్పుతో మొదలగు స్నానమొకటి కలదు. వేడిమి నిండిన చిన్నగదిలో కొంతసేపు కూర్చుండి, ఒడలెల్ల చెమర్చిన పిమ్మట నీరు పోసికొనుట దాని పద్ధతి. ఫిన్లండు దేశస్థులు ఆ గదిని సౌనా అందురు. నెల్లూరు తీరమున కోట వంటి ఊర ఇల్లు కట్టుకొను గృహస్థు ఇట్టి గది యొకటి కావలెనని కోరినచో, దానిని ఎట్లు ఎన్నుకొనవలెను? ఎట్లు కాపాడుకొనవలెను? ఈ ప్రశ్నలకు సమాధానము అమ్మకపు పత్రములలోకంటె చరిత్రలోనే ఎక్కువగా దొరకును. ఏలయనగా ఈ గది మనకు క్రొత్త కాదు. మనము మరచినది మాత్రమే.

చరకసంహిత సూత్రస్థానమున పదునాల్గవ అధ్యాయము స్వేదమును గూర్చినది. చెమట పట్టించు విధములు నిప్పుతో కూడినవే పదమూడు అందు చెప్పబడినవి. వానిలో జెంతాకమనునది నిజముగా ఒక గృహనిర్మాణ శాస్త్రమే. ఊరికి తూర్పునగాని ఉత్తరముననగాని మంచి నేల చూడవలెను. దగ్గర చెరువుండవలెను, ఆ నీటికి ఏడెనిమిది మూరల దూరమున గుండ్రని గది కట్టవలెను. ఎత్తు పదునారు మూరలు, వెడల్పు పదునారు మూరలు. గోడలకు మట్టి మెత్తి, గాలి యాడుటకు పెక్కు గవాక్షములు విడువవలెను. గోడ పొడవునను లోపల చుట్టును మూరెడు వెడల్పుగల అరుగు వాకిటివరకు సాగవలెను. నడుమ నిలువెత్తు మట్టికొలిమి, దానికి చిన్నచిన్న రంధ్రములు, పైన మూత. అందు చండ్ర మొదలగు గట్టి కట్టెలు నింపి కాల్చవలెను.

ఇంతవరకు కట్టడము. ఆ పిమ్మట చరకము చెప్పు మాటలు మరింత విలువైనవి. కట్టెలు చక్కగా కాలి, పొగ పూర్తిగా పోయి, గదియంతయు వేడెక్కిన తరువాతనే లోనికి పోవలెను. ఒంటికి నూనె రాచుకొని, వస్త్రము కప్పుకొని, అరుగుపై పరుండి అటునిటు ఒత్తిగిల్లవలెను. చెమటతో సొమ్మసిల్లునట్లున్నను అరుగును విడువరాదు. విడిచినచో వాకిలి కానక ప్రాణాపాయము కలుగునని హెచ్చరిక. ఒడలు తేలికపడగనే అరుగును పట్టుకొనియే ద్వారమును చేరవలెను. వెలుపలికి వచ్చి వెంటనే చన్నీరు తాకరాదు. ఒక ముహూర్తము, అనగా నలుబదియెనిమిది నిమిషములు, సేదదీరి గోరువెచ్చని నీట స్నానము చేయవలెను. అరుగు కూర్చుండుటకు మాత్రమే కాక, కండ్లు తిరిగినవానిని వాకిటికి చేర్చు దారిగా కూడ ఉద్దేశింపబడినదని గమనింపవలెను.

బౌద్ధుల వినయపిటకమునను ఇట్టి గదియే కానవచ్చును. దాని పేరు జంతాఘరము. జెంతాక, జంతాఘర అను రెండు పదముల పోలికను పండితులు గుర్తించియున్నారు. వైశాలిలో భిక్షువులు విందుభోజనములు వరుసగా ఆరగించి రోగములపాలగుట చూచి, వైద్యుడైన జీవకుడు వారికి నడకబాటయు వేడిగదియు కావలెనని బుద్ధునకు విన్నవించెను. అనుజ్ఞ లభించెను. ఆపై ఒక్కొక్క చిక్కునకు ఒక్కొక్క నియమము పుట్టినది. పొగ నిండగా పొగగొట్టము అనుమతింపబడెను. ముఖము మాడుచుండగా ముఖమునకు మట్టి పూత. నేల బురదయగుచుండగా ఇటుకగాని రాయిగాని కొయ్యగాని పరపు, నీరు పోవుటకు కాలువ. చిన్నగదిలో పొయ్యి ఒక మూల నుండవలెను, పెద్దగదిలో నడుమ నుండవలెను. చివర వెడలువాడు గదిని కడిగి, పీటలు సర్ది, నిప్పు ఆర్పి, తలుపు మూసి పోవలెను. ఈ వినయనియమములు ఎరిగిన భిక్షువులు అమరావతియందును నాగార్జునకొండయందును శతాబ్దముల తరబడి వసించిరి. సింహళమున జంతాఘరముల శిథిలములు నేటికిని నిలిచియున్నవి.

పశ్చిమ దేశములలో రోమనులు నేలక్రింద నిప్పుగాలి పారించి స్నానశాలలను వేడిచేసిరి. వారి నాణెములు మన తీరమునకు వచ్చినవి. పదునెనిమిదవ శతాబ్దపు చివర నెల్లూరు సమీపమున పొలము దున్నుచున్న రైతునకు రోమను బంగారు నాణెముల కుండ దొరకినది. నాణెములు వచ్చినవి గాని స్నానశాలలు వచ్చిన జాడ లేదు. తరువాతి కాలమున తురుష్క, పారశీక దేశముల హమాము దక్కనునకు వచ్చెను. గోలకొండ దగ్గర కుతుబ్‌షాహీల సమాధుల తోటలో పదునారవ శతాబ్దపు హమాము నేటికిని చూడవచ్చును. వేడినీటికిని చన్నీటికిని వేర్వేరు గొట్టములు, నడుమ చెక్కిన రాతివేదిక అందు కలవు. అయితే అది రాజకుటుంబమువారి అంత్యస్నానమునకై కట్టినది.

సామాన్య గృహమున మాత్రము స్వేదస్నానము వేరు రూపున నిలిచినది. తలంటునాడు నువ్వులనూనె పట్టించి, పిండితో నలుగు పెట్టి, పెద్ద రాగికాగులో మరుగు నీటి ఆవిరి నిండిన స్నానపుగదిలో కూర్చుండబెట్టుట మన పెద్దలకు తెలిసినదే. బాలింతకు కాచిన నీరు, సాంబ్రాణి ధూపము. జలుబు చేసినవానికి దుప్పటి కప్పి ఆవిరి పట్టుట. ఇవన్నియు చరకము చెప్పిన స్వేదమునకు ఇంటింటి వారసత్వమే. గది పోయినది, పద్ధతి మిగిలినది.

ఫిన్లండున గదియు మిగిలినది. సుమారు ఐదున్నర మిలియనుల జనమున్న ఆ దేశమున మూడు మిలియనులకు పైగా సౌనాలు కలవు. 2020వ సంవత్సరమున యునెస్కో ఈ ఆచారమును మానవజాతి అమూర్త వారసత్వపు జాబితాలో చేర్చినది. అక్కడి ప్రాచీనమైన పొగ సౌనాకు పొగగొట్టము లేదు. రాళ్ళ గుట్టను గంటలకొలది కాల్చి, నిప్పు ఆరిన పిమ్మట పొగను వెలికి పంపి, అప్పుడు లోనికి పోవుదురు. ‘పొగ పోయిన తరువాత’ అను చరకపు నియమము ఇక్కడ మాటకు మాట వర్తించును. వేర్వేరు ఖండములలో వేర్వేరు జనులు ఒకే ప్రమాదమును గుర్తించి ఒకే కట్టుబాటు చేసికొనిరి. కాలుచున్న బొగ్గునుండి వెలువడు కార్బన్ మోనాక్సైడ్ వాయువునకు రంగులేదు, వాసనలేదు. మూసిన గదిలో అది మనుష్యుని నిద్రలోనే చంపును.

ఇక కోట సంగతి. స్వర్ణముఖి సముద్రమును చేరు ప్రాంతమిది. తూర్పున కొత్తపట్నపు ఇసుకతీరము, దానికి సమాంతరముగా బకింగ్‌హాం కాలువ. 1877–78 నాటి కరవు పనులలో పెరిగిన ఈ కాలువకు అప్పటి మద్రాసు గవర్నరు పేరు నిలిచినది. శ్రీహరికోట అడవుల వంటచెరకు పడవలపై ఈ కాలువ మీదుగానే చెన్నపట్టణపు పొయ్యిలకు చేరెడిది. తీరమునందలి సరుగుడు తోటలు కూడ కట్టెలకై పెంచినవే. కావున కట్టెలపొయ్యితో నడచు వేడిగదికి ఇక్కడ ఇంధనపు కొరత లేదు. సరుగుడు గట్టిగా, నిదానముగా కాలును. పచ్చికట్టె మాత్రము పొగ విడుచును గనుక ఎండిన పిదపనే వాడవలెను.

‘ఇక్కడి గాలియే ఉక్కపోత, మరల వేడిగది యేల?’ అని అడుగువారుందురు. ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానమును బట్టియే ఎన్నిక జరుగవలెను. ముప్పది డిగ్రీల వేడిమి, నూటికి ఎనుబది పాళ్ళ తేమగల తీరపు గాలిని గదిలో మూసి ఎనుబది డిగ్రీలకు వేడిచేసినచో, ఆ గాలి తేమ నూటికి సుమారు ఏడు పాళ్ళకు దిగును. వేడిగాలి మరింత ఆవిరిని ఇముడ్చుకొనగలదు గనుక, ఉన్న తేమ అల్పమై తోచును. అందుచే చెమట ఆరుచుండును, దేహము తన్ను తాను కాపాడుకొనగలదు. ఆవిరిగదిలో గాలి ముందే నిండియుండును, చెమట ఆరదు. కావున తీరగృహమునకు పొడివేడి గదియే మేలు. రాళ్ళపై గరిటెడు నీరు అప్పుడప్పుడు చల్లిన చాలును.

గది చిన్నదిగా ఉండవలెను. నలుగురు కూర్చుండుటకు రెండేసి మీటర్ల పొడవు వెడల్పులు, అంతకు కొంచె మెక్కువ ఎత్తు చాలును; కప్పు ఎత్తైనచో వేడి పైననే నిలుచును. విద్యుత్తుతో వేడిచేయదలచినచో ఒక ఘనమీటరు ఖాళీకి సుమారు ఒక కిలోవాటు పొయ్యి కావలెను. దానికి వేరు తీగయు, తీగలో లోపము కలిగిన వెంటనే సరఫరాను నిలుపు మీటయు తప్పనిసరి. తలుపు వెలుపలికే తెరచుకొనవలెను. లోపల గడియ ఉండరాదు. సొమ్మసిల్లినవాడు త్రోసిన చాలును, తెరచుకొనవలెను. జెంతాకపు అరుగు చేసిన పని నేడు ఈ తలుపు చేయవలెను. తీరమునకు ఎంత దూరమున కట్టవచ్చునో 1991 నుండి అమలునకు వచ్చిన తీరనియంత్రణ నియమములు నిర్ణయించుచున్నవి. 2004 డిసెంబరు 26వ తేదీ సునామీ ఈ తీరమును తాకినదని కూడ మరువరాదు. ఎత్తైన నేల చూచి, రాతిపునాదిపై కట్టుట క్షేమము. చెదలకును అదియే అడ్డు.

రాళ్ళ ఎన్నిక మరొక మెలకువ. గూడూరు ప్రాంతము అభ్రకమునకు ప్రసిద్ధి. రేడియో యంత్రములలోని కండెన్సరులలో విద్యుత్తునకు అడ్డుగా నిలుచు పొరలు అభ్రకపువే; అది వేడికి చెక్కుచెదరదు. కాని అభ్రకపు పొరలున్న రాయిగాని తెల్లని పలుగురాయిగాని సౌనా పొయ్యిలో వేయరాదు. వేడెక్కి నీరు పడగానే పొరలుపొరలుగా విచ్చును, చిట్లి ఎగురును. బరువుగా, నల్లగా, సన్నని కణములతో పగుళ్ళులేని రాయి కావలెను. ఫిన్లండువారు వాడు రాళ్ళలో ఒక రకము మన చీమకుర్తి నల్లరాతి జాతికి చెందినదే. రాళ్ళను సంవత్సరమున కొకమారు దించి, పగిలినవి తీసివేయవలెను. వానిపై సముద్రపు నీరు పోయరాదు. ఉప్పు పేరుకొని పొయ్యి ఇనుమును తినివేయును.

కొయ్య విషయమున మన పడవవారు మనకు గురువులు. కోరమండల తీరపు మసూలా పడవలో ఇనుప మేకులు లేవు. పలకలను కొబ్బరిత్రాటితో కుట్టెడివారు. అలల తాకుడునకు పడవ విరుగక వంగవలెనను యుక్తి అందు కలదు. ఉప్పునకు తుప్పుపట్టు ఇనుమునకు అందు చోటును లేదు. వేడిగదిలో ఇనుప మేకునకు మరియొక దోషము కలదు. అది కాలి ఒంటికి వాత పెట్టును. కావున బల్లలను కొయ్యచీలలతో గాని, అడుగువైపున బిగించిన మరలతో గాని అమర్చవలెను. లోహము తప్పనిచోట మాలిబ్డెనము కలిసిన స్టెయిన్‌లెస్ స్టీలు ఉప్పుగాలికి ఓర్చును. కూర్చుండు బల్లకు తేలికయై బంక కారని కొయ్య మంచిది. టేకు మన్నును గాని బరువుకొయ్య గనుక వేడెక్కును, మీద నూలుబట్ట పరచుకొనవలెను. లోపల రంగుగాని వార్నీషుగాని పూయరాదు.

కాపాడుకొనుట యందు వినయపిటకపు చివరి నియమమునే పాటింపవచ్చును, ఒక్క మార్పుతో. కడుగుట, సర్దుట, నిప్పు చూచుట అట్లే చేయవలెను. తలుపు మాత్రము మూయరాదు. మగధపు గాలి వేరు, మన తీరపు గాలి వేరు. చివరివాడు వెడలిన పిమ్మట కొంతసేపు మిగిలిన వేడితోనే గది ఆరనిచ్చి, తలుపును క్రిందిపై గవాక్షములును తెరచి విడువవలెను. మూసినచో చల్లారిన గాలిలోని తేమ కొయ్యపై దిగి బూజు పట్టును. బల్లలు ఊడదీయుటకు వీలుగా నుండవలెను. వారమున కొకమారు నీడలో గాలికి ఆరవేయవచ్చును. ఈశాన్య ఋతుపవనపు వానలలో, అక్టోబరు మొదలు డిసెంబరు వరకు, గదిని వాడకున్నను పదిదినముల కొకమారు వేడిచేయుట మంచిది. సముద్రస్నానము చేసి వచ్చినవారు మంచినీట ఉప్పు కడుగుకొనియే లోనికి పోవలెను.

తుదకు దేహరక్ష. గర్భిణులకు, మధుమేహులకు, మద్యము త్రాగువారికి, అతిసారముతో బాధపడువారికి స్వేదము కూడదని చరకము స్పష్టముగ చెప్పినది. ఆకలి, దప్పిక, అలసట గలవారికిని నిషేధమే. గుండెజబ్బు, రక్తపుపోటు గలవారు వైద్యుని అనుమతి పొందవలెనని నేటి వైద్యము దీనికి చేర్చును. క్రొత్తవారు పదినిమిషములకు మించి కూర్చుండరాదు. పిల్లలను ఒంటరిగా విడువరాదు. వడగాడ్పుల దినములలో గదిని వేడిచేయకుండుటే మేలు. లోపల నొకరుండగా వెలుపల పిలుపు వినువారొకరుండుట మంచి అలవాటు.

మంచుదేశమువారు వెచ్చదనమునకై ఈ గదిని కట్టుకొనిరి. మన పూర్వులు ఎండ కాయు దేశముననే దీనిని ఆరోగ్యమునకై కట్టుకొనిరి. యంత్రము ఎక్కడినుండి తెచ్చుకొన్నను, కట్టువాని చేతిలో మన తీరపు రాయి, కొయ్య, గాలి ఎరుక యుండవలెను. వాడువాని మనస్సున ‘పొగ పోయిన తరువాతనే ప్రవేశము, తేలికపడగనే నిష్క్రమణము’ అను రెండు పాత మాటలు నిలువవలెను. అవి రెండును పాటించిన ఇంట ఈ స్నానము సుఖమునిచ్చును. మరచిన ఇంట ఎంత ఖరీదైన గదియు అపాయమే.