వారానికొక రోజు బడి: అమెరికాలో క్లాసికల్ క్రైస్తవ గృహవిద్య

క్లాసికల్ కాన్వర్సేషన్స్: పిల్లలకు ఇంటి దగ్గరే చదువు చెప్పుకొనే క్రైస్తవ కుటుంబాల కోసం 1997లో అమెరికాలోని నార్త్ కరోలినాలో మొదలైన విద్యా కార్యక్రమం. ఒక ఊళ్లోని కొన్ని కుటుంబాలు వారానికి ఒక రోజు, ఎక్కువగా ఏదో ఒక చర్చి హాల్లో, కలుస్తాయి. ఆ గుంపునే కమ్యూనిటీ అంటారు. మిగతా రోజుల్లో చదువంతా ఇంట్లోనే, తల్లిదండ్రుల చేతుల మీదుగానే సాగుతుంది. ఇది బడి కాదు. చదువు పూర్తయ్యాక పట్టా ఇవ్వదు. మార్కుల జాబితా తయారుచేసి సంతకం పెట్టాల్సింది కన్నవాళ్లే. చేరాలా వద్దా అని ఆలోచించే కుటుంబం ముందుగా చూసుకోవలసిన సంగతి ఇదే అయినా, చూడటానికి వెళ్లినవాళ్ల కంట పడేది మాత్రం ఆ ఒక్క రోజు సందడి.

మూడు దశల సిద్ధాంతం

ఈ పద్ధతికి పునాది ట్రివియం. క్రీ.శ. 5వ శతాబ్దంలో మార్టియానస్ కపెల్లా ఏడు విద్యల గురించి లాటిన్‌లో గ్రంథం రాశాడు. వాటిలో వ్యాకరణం, తర్కం, వక్తృత్వం అనే మూడింటిని మధ్యయుగాల యూరప్‌లో ట్రివియం అన్నారు. గణితం, జ్యామితి, సంగీతం, ఖగోళం తక్కిన నాలుగు. అప్పట్లో ఇవి చదవాల్సిన విషయాలే తప్ప పిల్లల వయసును బట్టి వేసిన మెట్లు కావు.

ఆ మెట్లు వేసింది డోరతీ సేయర్స్. లార్డ్ పీటర్ విమ్సీ అనే డిటెక్టివ్ కథానాయకుణ్ణి సృష్టించిన ఆంగ్ల రచయిత్రి, డాంటే అనువాదకురాలు. 1947లో ఆక్స్‌ఫర్డ్‌లో ‘ది లాస్ట్ టూల్స్ ఆఫ్ లెర్నింగ్’ అన్న పేరుతో ఆమె ఒక ప్రసంగం చేసింది. చిన్న వయసులో పిల్లలు చిలకల్లా వల్లె వేస్తారు కాబట్టి అది వ్యాకరణ దశ. కాస్త ఎదిగాక ప్రతిదానికీ ఎదురు చెబుతారు కాబట్టి అది తర్క దశ. కౌమారంలో తమ మనసులో మాటను అందంగా చెప్పాలని తపిస్తారు కాబట్టి అది వక్తృత్వ దశ అని ఆమె వాదన. దీనికి ఆధారం పరిశోధన కాదు, తన బాల్యాన్ని తాను గుర్తు చేసుకోవడం. ఆ సంగతి ఆమె దాచలేదు. ఇదంతా ఆచరణలోకి వస్తుందని తనకు నమ్మకం లేదనీ ప్రసంగంలోనే చెప్పింది. వెయ్యేళ్ల సంప్రదాయంగా ఈ రోజు వినిపించే మాటలో విషయాల జాబితా పాతదే, వయసుల లెక్క మాత్రం 20వ శతాబ్దపు ఊహ. అందులో కొంత నిజం లేకపోలేదు: చిన్నపిల్లలకు కంఠస్థం తేలిగ్గా వస్తుంది, ఇష్టంగానూ ఉంటుంది. కానీ నాలుగేళ్ల పిల్లకు ‘ఎందుకు’ అనే ప్రశ్న రాదని ఏ తల్లీ ఒప్పుకోదు.

సేయర్స్ నమ్మకం పెట్టుకోని పనిని అమెరికా ప్రొటెస్టెంట్లు తలకెత్తుకున్నారు. ఐడహో రాష్ట్రంలోని మాస్కో అనే ఊళ్లో 1981లో లోగోస్ స్కూల్ వెలసింది. దాని స్థాపకుల్లో ఒకరైన పాస్టర్ డగ్లస్ విల్సన్ 1991లో సేయర్స్ ప్రసంగం పేరునే తలపించే పుస్తకం రాసి, ఈ ఆలోచనను దేశమంతటి క్రైస్తవ పాఠశాలలకు చేరవేశాడు. అమెరికా దక్షిణాది బానిసత్వం గురించి ఆయన రాసిన రాతలు తర్వాత తీవ్ర విమర్శకు గురయ్యాయి. క్లాసికల్ చదువును ఇష్టపడేవాళ్లలోనే చాలామంది ఆయనకు దూరంగా ఉంటారు. ఇళ్లలో చదువు చెప్పేవాళ్లకు మార్గదర్శి అయింది మాత్రం జెస్సీ వైజ్, ఆమె కూతురు సూసన్ వైజ్ బావర్ కలిసి రాసిన ‘ది వెల్ ట్రెయిన్డ్ మైండ్’. 1999లో వచ్చిన ఆ పుస్తకం చేతిలో ఉంటే ఏ గుంపులోనూ చేరకుండా ఈ చదువు చెప్పుకోవచ్చు.

చట్టం ఒప్పుకున్న తర్వాత

1970లలో ఇంటి చదువును సమర్థించినవాళ్లలో రెండు రకాలవాళ్లు కనిపిస్తారు. బడి పిల్లల జిజ్ఞాసను చంపేస్తుందన్న జాన్ హోల్ట్ 1977లో ‘గ్రోయింగ్ వితౌట్ స్కూలింగ్’ పత్రిక పెట్టాడు. పసివయసులోనే బడికి పంపడం తగదన్న రేమండ్, డొరతీ మూర్ దంపతుల మాట క్రైస్తవ కుటుంబాలకు బాగా ఎక్కింది. న్యాయపోరాటాల కోసం 1983లో హోమ్ స్కూల్ లీగల్ డిఫెన్స్ అసోసియేషన్ ఏర్పడింది. పదేళ్లకల్లా అన్ని రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధమైంది.

నార్త్ కరోలినా ఇందుకు మంచి ఉదాహరణ. డెల్‌కాంటే కేసులో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1985లో, ఇంట్లో చదువు చెప్పడాన్ని అప్పటి చట్టాలు నిషేధించలేదని తేల్చింది. 1988లో శాసనసభ హోమ్‌స్కూల్‌కు నియమాలు పెట్టింది: చెప్పేవాళ్లు కనీసం హైస్కూల్ పాసై ఉండాలి, రాష్ట్ర కార్యాలయానికి తెలియజేయాలి, హాజరు, టీకాల రికార్డులు ఉంచాలి, ఏటా ఒక ప్రామాణిక పరీక్ష పెట్టాలి. ఒక హోమ్‌స్కూల్‌లో రెండు కుటుంబాలకు మించి ఉండకూడదు. పాఠాలు బయటివాళ్ల చేత కూడా చెప్పించుకోవచ్చని 2013 సవరణ స్పష్టం చేసింది. అనుమతి దొరికాక మిగిలిన కష్టాలు రెండు: ఒంటరితనం, పై తరగతుల పాఠాలు. ఆల్జీబ్రా, లాటిన్, తర్కం అన్నీ ఒక్క మనిషే నలుగురు పిల్లలకు చెప్పడం కష్టం.

1997

లీ బోర్టిన్స్ మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఏరోస్పేస్ ఇంజనీరింగ్ చదివింది. నలుగురు కొడుకులకూ ఇంట్లోనే చదువు చెప్పింది. పెద్ద తరగతుల వయసుకొచ్చిన కొద్దిమంది పిల్లలను చేర్చి ఆమె నడిపిన చర్చావేదికే క్లాసికల్ కాన్వర్సేషన్స్‌కు మొదలు. చిన్నపిల్లల కార్యక్రమం తర్వాత తోడైంది. ఇప్పుడు బయటివాళ్లకు తెలిసింది ఆ చిన్నపిల్లల పాటలే. 2010లో వచ్చిన ‘ది కోర్’ పుస్తకంలో ఆమె తన పద్ధతిని వివరించింది.

నాలుగేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా ఫౌండేషన్స్. 24 వారాలు. చరిత్ర, విజ్ఞానం, ఇంగ్లిష్ వ్యాకరణం, లాటిన్, గణితం, భూగోళం, కాలరేఖ అనే ఏడింటిలో వారానికి కొన్ని వాక్యాలు పాటగానో లయగానో నేర్పుతారు. మూడేళ్లకొక ఆవృత్తి: ఒక ఏడు ప్రాచీన ప్రపంచం, ఒక ఏడు యూరప్, ఒక ఏడు అమెరికా. పిల్లవాడు పెద్దవుతూ ఇదే చక్రాన్ని మళ్లీ తిరుగుతాడు. కాలరేఖలో 161 సంఘటనలుంటాయి. బైబిల్ సృష్టి, పతనంతో మొదలై సింధులోయ నాగరికత మీదుగా నేటి కాలానికి వస్తుంది. అర్థం తర్వాత చూసుకోవచ్చని మన వీధిబడిలో అమరకోశాన్నీ ఎక్కాలనూ వల్లె వేయించినట్టే ఉంటుంది వరస. ఏడాది పాఠమంతా తప్పులేకుండా అప్పజెప్పినవాళ్లను మెమరీ మాస్టర్ అంటారు. పాఠం కాక ప్రతి పిల్లా వారం వారం నలుగురి ముందు నిలబడి మాట్లాడాలి. చిన్న ప్రయోగాలు, బొమ్మలు, టిన్ విజిల్ వాయించడం కూడా ఉంటాయి. ఈ తరగతుల్లో తల్లో తండ్రో పిల్లల వెంటే కూర్చోవాలి. ఎలా చెప్పాలో వాళ్లు చూసి నేర్చుకోవడం కూడా ఇక్కడ పాఠమే.

మధ్య తరగతులకు మధ్యాహ్నం పూట ఎసెన్షియల్స్ అనే వ్యాకరణ, రచనా తరగతి. పన్నెండేళ్లు దాటాక చాలెంజ్: ఎ, బి, ఒకటి నుంచి నాలుగు, మొత్తం ఆరేళ్లు. బరువు ఒక్కసారిగా పెరిగేది ఇక్కడే. మొదటి ఏడే ప్రపంచ పటాన్ని చూడకుండా గీయడం నేర్వాలి. లాటిన్‌కు ఏళ్ల తరబడి వాడిన పాఠ్యపుస్తకం రాబర్ట్ హెన్లేది. ఆయన జెస్యూట్ ఫాదర్. ప్రొటెస్టెంట్ ఇళ్ల పిల్లలు కాథలిక్ ఫాదర్ పుస్తకంతో విభక్తులు బట్టీ పట్టారన్నమాట. ఆ ఒక్క రోజు జరిగేది చర్చ. లెక్కలు చేయడం, వ్యాసాలు రాయడం, దిద్దడం ఇంటి పని. దిద్దేవాళ్లు ఎవరన్నది చేరేటప్పుడే తేల్చుకోకపోతే చాలెంజ్ బి నాటికి ఇల్లు రణరంగమవుతుంది.

డబ్బు, నమ్మకం

ఇది లాభాపేక్ష గల సంస్థ. స్థానిక డైరెక్టర్ లైసెన్సు తీసుకొని కమ్యూనిటీని నడుపుతుంది, కుటుంబాల దగ్గర ఫీజు తీసుకొని ట్యూటర్లకు ఇస్తుంది. ట్యూటర్లు చాలావరకు తోటి తల్లులే. టీచరు శిక్షణ ఉండాలన్న నియమం లేదు. ఫీజు కాక పుస్తకాల ఖర్చు వేరు. పక్కింటి స్నేహితురాలే ఒక చిన్న వ్యాపారానికి యజమాని కావడం వల్ల వచ్చే ఇబ్బందులు, చర్చి స్థలాన్ని వ్యాపార సంస్థ వాడుకోవడం మీద పన్ను ప్రశ్నలు ఈ కార్యక్రమం మీద తరచు వినిపించే విమర్శలు. మంచి ట్యూటర్ దొరికిన చోట ఇదే ఏర్పాటు ఎంతో చక్కగా సాగుతుంది. అందుకే పేరు చూసి కాదు, తమ ఊరి గుంపులో ఒక పూట కూర్చొని చూసి నిర్ణయించుకోవాలి.

మతం ఇక్కడ అదనపు పాఠం కాదు, చదువుకు ఆధారమే. దేవుణ్ణి తెలుసుకోవడం, తెలియజేయడం అన్నది సంస్థ ప్రకటించుకున్న లక్ష్యం. చాలెంజ్ బిలో డార్విన్‌ను ఖండించే ఫిలిప్ జాన్సన్ పుస్తకం చాలాకాలం పాఠ్యంగా ఉంది. పరిణామవాదాన్ని అంగీకరించే క్రైస్తవ కుటుంబాలు జీవశాస్త్రాన్ని ఇంట్లో వేరే పుస్తకాలతో సరిదిద్దుకోవాలి. కాథలిక్ కుటుంబాలకు చరిత్రలో రిఫర్మేషన్ (ప్రొటెస్టెంట్లు వేరుపడ్డ ఉద్యమం) భాగం దగ్గర అదే అవసరం పడవచ్చు.

వారానికి ఒక రోజు చాలదనుకునేవాళ్లకు టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో 1990లలో మొదలైన యూనివర్సిటీ మోడల్ పాఠశాలలున్నాయి. అక్కడ వారంలో రెండు మూడు రోజులు నిజమైన తరగతులే. గుంపు అక్కర్లేదనుకునేవాళ్లకు కెంటకీలోని మెమోరియా ప్రెస్ పుస్తకాలు చాలు. కాలేజీ ప్రవేశం విషయంలోనూ దారి కాస్త వెడల్పయింది: 2015లో వచ్చిన క్లాసిక్ లెర్నింగ్ టెస్ట్‌ను 2023లో ఫ్లోరిడా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఎస్.ఎ.టి. అనే ప్రవేశ పరీక్షతో పాటు ఆమోదించాయి.

తెలుగు కుటుంబాలు

అమెరికాలో ఉన్న తెలుగు క్రైస్తవ కుటుంబాలకు రెండు చిక్కులు ప్రత్యేకం. ఒకటి రాష్ట్రం. టెక్సస్, న్యూజెర్సీలలో ఇంటి చదువుకు ముందుగా ఎవరికీ తెలియజేయనక్కర్లేదు. న్యూయార్క్‌లో ఏటా పాఠ్యప్రణాళిక, మూడు నెలలకొక నివేదిక ఇవ్వాలి. పెన్సిల్వేనియాలో అఫిడవిట్, చేసిన పనుల ఫైలు, ఏడాది చివర మదింపు. రెండోది వీసా. హెచ్-4 (ఆశ్రితుల వీసా) మీద ఉన్న తల్లి తన పిల్లలకు ఎంత చదువైనా చెప్పుకోవచ్చు. కాని పని అనుమతి పత్రం లేకుండా డబ్బు తీసుకొని ట్యూటర్‌గా ఉండటం కుదరదు. హెచ్-4 వాళ్లలో కొందరికి ఆ అనుమతి ఇవ్వడం 2015లో మొదలైంది, అందరికీ రాదు. ట్యూటర్‌గా వచ్చే డబ్బుతో పిల్లల ఫీజు కట్టుకోవచ్చన్న తోటి అమ్మల సలహా ఇక్కడ పనిచేయదు.

తిరిగి హైదరాబాదుకో విజయవాడకో వచ్చేయాలనుకునేవాళ్లకు మరో లెక్క ఉంది. ఇంటర్‌లో చేరాలంటే గుర్తింపు ఉన్న బోర్డు ఇచ్చిన పదో తరగతి సర్టిఫికెట్ అడుగుతారు. అమ్మ సంతకం పెట్టిన మార్కుల జాబితా చెల్లదు. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ పద్నాలుగేళ్లు నిండినవాళ్లను పదో తరగతి పరీక్షకు తీసుకుంటుంది. లాటిన్ విభక్తులతో పాటు ఆ పరీక్ష పాఠ్యాంశాలనూ చాలెంజ్ ఏళ్లలోనే మొదలుపెట్టుకోవాలి.