హేవ్‌లాక్ వంతెన: ఇనుము, ఉక్కు, పరమాణు బంధాలు

రాజమండ్రి వద్ద గోదావరిపై 1897లో మొదలై 1900లో ప్రారంభమైన హేవ్‌లాక్ వంతెనను మీలో చాలామంది చూసే ఉంటారు. రాతి స్తంభాలపై ఉక్కు గర్డర్లు పరిచి దీనిని కట్టారు. 1997లో రైళ్లు ఆగిపోయేవరకు దాదాపు శతాబ్దం పాటు మద్రాసు, కలకత్తాల మధ్య రాకపోకలకు ఇది ఆధారమైంది. ఇంజనీర్లు గర్డర్లకు ఉక్కునే ఎందుకు ఎంచుకున్నారు? జవాబు పరమాణు బంధాలలో ఉంది.

1. లోహ బంధం

ఇనుములోని పరమాణువులు పొరలు పొరలుగా అమరి ఉంటాయి. వాటి బాహ్య ఎలక్ట్రాన్లు ఏ ఒక్క పరమాణువుకూ చెందక అన్నింటినీ కలిపి ఉంచుతాయి. సుత్తితో కొడితే పొరలు జారుతాయి గాని బంధం తెగదు. అందుకే శుద్ధమైన ఇనుము సాగుతుంది, మెత్తగానూ ఉంటుంది.

2. కర్బనం పాత్ర

చిన్న కర్బన పరమాణువులు ఇనుప పరమాణువుల సందుల్లో చేరి పొరల జారుడును అడ్డుకుంటాయి. వంతెనల ఉక్కులో కర్బనం సుమారు 0.2 శాతమే, అది బలాన్నిస్తుంది, సాగే గుణాన్ని పోగొట్టదు. పోత ఇనుములో కర్బనం 2 శాతానికి మించుతుంది. మిగులు కర్బనం గ్రాఫైట్ రేకులుగా విడిపోతే, లాగినప్పుడు పగుళ్లు అక్కడే మొదలవుతాయి.

ఈ తేడా ప్రాణాలకు సంబంధించినది. 1879 డిసెంబరు 28న స్కాట్లాండులో తుఫానుగాలికి టే వంతెన కూలి, రైలులోని వారంతా మరణించారు. దాని ఎత్తైన స్తంభాలు పోత ఇనుపవి. పోతలోని లోపాలు, గాలి ఒత్తిడిని లెక్కించకపోవడం విచారణలో బయటపడ్డాయి. 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చాక ఉక్కు చౌకైంది. 1890 నాటికి ఫోర్త్ వంతెనను ఉక్కుతోనే కట్టారు. గోదావరి వంతెన ఆ మార్పుకు వారసురాలు.

3. మన ఊరి ఉదాహరణ

పశ్చిమ గోదావరి ప్రాంతపు అజ్జరం ఇత్తడి సామానుకు పేరు. ఇత్తడిలో జింకు సందుల్లో చేరదు. ఇంచుమించు అదే పరిమాణం గల రాగి పరమాణువుల స్థానాన్నే ఆక్రమిస్తుంది. ఫలితంగా రాగికన్నా గట్టి లోహం లభిస్తుంది. ఉక్కులో సందులు నిండటం, ఇత్తడిలో స్థానాలు మారడం: మిశ్రమలోహాల ఈ రెండు రకాలను గుర్తుంచుకోండి.

4. తుప్పు

తేమగాలిలో ఇనుము ఆక్సిజన్‌తో కలిసి తుప్పుగా మారుతుంది. ఎలక్ట్రాన్లు అందరివీ కాకుండా పోవడంతో సాగే గుణం నశించి, పొడిగా రాలుతుంది. రంగు వేయడం అలంకారం కాదు, లోహ బంధానికి కాపలా. పాత వంతెనను కాపాడుకోవాలంటే ముందుగా ఇది తెలియాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పోత ఇనుముకన్నా ఉక్కు గర్డర్లకు ఎందుకు తగినది? పరమాణువుల అమరిక ఆధారంగా వివరించండి.