ప్రసారమైంది సరే, దాచారా?

ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరుమోసిన ఊరు. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ దక్కింది. ఆ ఊరి ఆటను ఇవాళ ఒక్క ఫోనుతో ప్రపంచానికంతా లైవ్‌లో చూపించవచ్చు. అయితే చూపించడం వేరు, దాచడం వేరు. దాచే ఏర్పాటు తెర కట్టకముందే జరగకపోతే, ఎంతమంది చూసినా ఆ రాత్రి ఆట పోయినట్టే. దాచినదే మిగులుతుందని చరిత్రా చెబుతోంది. 1565లో రక్కసి తంగడి యుద్ధం తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకు తరలింది. దానాలూ సరిహద్దులూ రాళ్లకెక్కాయి గనక ఆ కాలపు పాలన గురించి ఎంతో చెప్పగలుగుతున్నాం. హిందూపురం పక్కనే లేపాక్షి నాట్యమండపంలో నర్తకీ, మద్దెలగాడూ స్తంభాల మీద ఇంకా ఉన్నారు. ఆ మద్దెల ఏ నడకలో మోగిందో మాత్రం రాయి చెప్పలేదు.

దృశ్యాన్నీ శబ్దాన్నీ కలిపి పట్టే సాధనం వచ్చాక కూడా ఈ నష్టం ఆగలేదు. 1969 జులైలో చంద్రుడి మీది దృశ్యాలను ఆస్ట్రేలియాలోని హనీసకిల్ క్రీక్, పార్క్స్ కేంద్రాలు అందుకున్నాయి. మామూలు టీవీకి సరిపోయేలా మార్చిన, నాణ్యత తగ్గిన బొమ్మనే జనం చూశారు. మేలైన అసలు సంకేతం టేపులకెక్కింది. ఆ టేపులను చెరిపి మళ్లీ వాడేసి ఉంటారని 2009లో నాసాయే తేల్చింది. ఊళ్లో ఆటను చిత్రించేవారికి ఇంతకన్నా పెద్ద హెచ్చరిక అక్కర్లేదు. లైవ్‌ను నడిపే సర్వర్ తనకొచ్చిన వీడియోను చూసేవారికి పంచుతూనే డిస్కులోనూ రాసుకోవాలి. రాసే పద్ధతీ ముఖ్యమే. మామూలు ఎంపీ4 ఫైలుకు సూచిక చివర్లో చేరుతుంది. తెల్లవారుజామున కరెంటు పోతే రాత్రంతా రికార్డయింది కూడా తెరుచుకోదు. కొన్ని సెకన్ల తునకలుగా రాసుకుంటూ పోతే ఆఖరి తునక ఒక్కటే పోతుంది.

ఖర్చు భరించలేమని కొందరంటారు. సెకనుకు 4 మెగాబిట్ల వీడియో గంటకు 1.8 గిగాబైట్లు, ఆరు గంటల ఆటకు 11 గిగాబైట్లలోపే. చిన్న పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తుంది. యూట్యూబ్ దాస్తుంది కదా అనేవారూ ఉన్నారు. అక్కడ 12 గంటలు దాటిన లైవ్‌కు ఆ హామీ లేదు, ఛానల్ పోతే వీడియోలన్నీ దానితోపాటే పోతాయి. అసలు బరువైన అభ్యంతరం మరొకటి. ఈ ఆట ప్రేక్షకులను బట్టి మారుతుంది, హాస్యం అప్పటికప్పుడు పుడుతుంది, ఒక్క రికార్డింగునే ప్రమాణంగా తీసుకుంటే ఆట గడ్డకట్టిపోతుందన్నది. ఈ భయం నిజమైనదే. అందుకే ఒకే కథను వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు బృందాలు ఆడినప్పుడల్లా దాచాలి. ఏది స్థిరమో, ఏది ఆ రాత్రికి పుట్టిందో అలా పోల్చి చూస్తేనే తెలుస్తుంది. కథ, ఊరు, తేదీ, ఆడినవారి పేర్లు ఫైలుతోపాటే రాయాలి. ఒక ప్రతి బృందం చేతిలోనే ఉండాలి, దాన్ని ఎవరికి చూపాలో నిర్ణయించే హక్కూ వాళ్లదే కావాలి.